మేస్త్రీ నుంచి మేళా దాకా

పోయినేడాది వేసవిలో మన బడిలో చదివినవాడొకడు ఫోన్ చేశాడు. "మాస్టారూ, ఈ ఆదివారం విశాఖలో విదేశీ విద్యా మేళా ఉందటండి. ఒక పెద్ద హోటల్లో. ముప్పై నలభై యూనివర్సిటీల వాళ్లు వస్తారట. ప్రవేశం ఉచితం. మా అబ్బాయిని తీసుకెళ్లమంటారా, దండగంటారా?" అని అడిగాడు. "వెళ్లిరా నాయనా, పోయేదేముంది" అనేశాను. ఫోన్ పెట్టేశాక ఆ జవాబు నాకే నచ్చలేదు. ముప్పై ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పినవాణ్ని. మన ప్రాంతం నుంచి జనం సముద్రాలు దాటి వెళ్లడం నిన్న మొన్న మొదలైంది కాదని పాఠం చెప్పినవాణ్ని. అడిగినవాడికి ఆ పాఠంలోంచి ఒక్క ముక్క కూడా చెప్పలేకపోయాను.

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని సంఘం వారు అడిగినప్పుడు ఆ ఫోను గుర్తొచ్చింది. బడి చరిత్ర రాసేవాళ్లు నాకన్నా బాగా రాసేవాళ్లు ఉన్నారు. నేను ఆ ప్రశ్నకు ఆలస్యంగా జవాబు రాస్తున్నాను. మన సభ్యుల జాబితాలో విదేశీ చిరునామాలు ఏటేటా పెరుగుతున్నాయి. కాబట్టి ఇది ఒక్క ఇంటి ప్రశ్న కాదు.

ఊరు విడిచి దూరదేశం పోవాలనుకున్న మనిషికి ఆ దేశం గురించి చెప్పింది ఎవరు? చెప్పినందుకు అతనికి ఏం ముట్టింది? చెప్పకుండా వదిలేసింది ఏమిటి? ఈ మూడు ప్రశ్నలు పట్టుకుని మనవాళ్ల వలస చరిత్ర చూద్దాం. మేళాకు వెళ్లాలా వద్దా అన్నది ఆ తర్వాత కొంచెం తేటపడుతుంది.

కోరంగీలు, గిర్మిట్‌లు

కాకినాడ దగ్గర గోదావరి పాయ మీద కోరంగి అనే రేవు ఉండేది. ఓడలు కట్టే చోటు, ఓడలు ఆగే చోటు. 1839 నవంబరు తుపాను ఆ రేవును దాదాపుగా తుడిచిపెట్టింది. రేవు పోయినా పేరు బతికింది. బర్మాలోనూ మారిషస్‌లోనూ తెలుగువాళ్లను చాలాకాలం 'కోరంగీలు' అనే పిలిచారు. ఎక్కిన రేవు పేరే మనిషికి జాతి పేరైపోయింది.

1834లో బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయింది. చెరకు తోటలకు బానిసలు పోయారు, కూలీలు కావలసి వచ్చారు. ఆ ఏడాది నుంచే మారిషస్‌కు ఒప్పంద కూలీల ఓడలు కదిలాయి. 1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో దక్షిణాఫ్రికాలోని దర్బన్ చేరింది. తమిళులతో పాటు మనవాళ్లూ అలా నేటాల్ చెరకు తోటలకు వెళ్లారు. ఫిజీకి 1879లో కలకత్తా నుంచి మొదలైన ప్రయాణాలు 1903 నుంచి మద్రాసు రేవులోనూ సాగాయి. అయిదేళ్లకు రాసిచ్చే ఒప్పందాన్ని, అంటే 'అగ్రిమెంట్'ని, కూలీల నోళ్లు 'గిర్మిట్' చేశాయి.

ఆ ఒప్పందం దాకా మనిషిని తెచ్చినవాడు ఎవరు? లైసెన్సు ఉన్న రిక్రూటరు. ఉత్తరాదిన అతన్ని ఆర్కాటీ అనేవారు. సంతలో, గుడి దగ్గర, రైలు స్టేషన్లో, కరువు పడ్డ ఊళ్లో అతను కనిపించేవాడు. అతనికి జీతం కన్నా ముఖ్యమైనది తలకింత అని దొరికే కమీషను. ప్రతి వందమంది మగవాళ్లకు 40 మంది ఆడవాళ్లు ఉండాలన్న నిబంధన ఉండేది గనుక, ఆడమనిషిని తెస్తే ఆ కమీషను ఇంకొంచెం ఎక్కువ. తోటలో ఆ మనిషి బతికాడా, చితికాడా అన్నదానితో అతనికి సంబంధం లేదు. డిపో గుమ్మం దాటించడంతో అతని పని అయిపోయేది.

కాగితంలో ఉన్నది, లేనిది

ఆ రోజుల్లో అంతా నోటిమాట మోసమే జరిగిందని అనుకుంటాం. అది పూర్తిగా నిజం కాదు. అచ్చువేసిన కాగితం ఉండేది. దేశభాషల్లోనూ ఉండేది. దాని మీద ఉన్నది అబద్ధం కూడా కాదు. ఫిజీ షరతుల పత్రంలో ఏం రాశారో చూడండి. మగవాడికి రోజుకు ఒక షిల్లింగుకు తక్కువ కాకుండా, అంటే 12 అణాలు. ఆడమనిషికి 9 పెన్నీలు, అంటే 9 అణాలు. సోమవారం నుంచి అయిదు రోజులు రోజుకు 9 గంటల పని, శనివారం 5 గంటలు. అయిదేళ్ల తర్వాత సొంత ఖర్చుతో తిరిగి రావచ్చు. పదేళ్లు ఉంటే ఓడ ఛార్జీ ఉచితం.

ఊళ్లో రోజంతా వంగి పనిచేస్తే కొద్ది అణాలు దొరికే కాలంలో 12 అణాలంటే ఎలా వినిపించి ఉంటుందో ఊహించుకోండి. కానీ ఆ 12 అణాలు రోజుకు కాదు, 'టాస్క్'కు. ఒక టాస్క్ అంటే ఎంత పని అన్నది తోట మీది ఓవర్సీరు కొలిచి ఇచ్చేది. టాస్క్ పూర్తి కాకపోతే కూలి రాదు. పైగా ఫిజీలో బియ్యం ధర, పప్పు ధర ఎంతో ఆ కాగితంలో లేదు. అన్నిటికన్నా పెద్దది ఇంకొకటి లేదు. పనికి రాకపోయినా, పని పూర్తి చేయకపోయినా కోర్టుకు ఈడ్చి జరిమానా వేయవచ్చని, జైలుకు పంపవచ్చని అక్కడి చట్టం. ఆ ముక్క పత్రంలో ఎక్కడా లేదు.

ఓడ ఎక్కే ముందు అధికారి ఎదుట నిలబెట్టి "నీ ఇష్టంతోనే వెళ్తున్నావా?" అని అడిగేవారు. అవునంటే వేలిముద్ర. చట్టప్రకారం అంతా సక్రమమే. తెలియని సంగతి గురించి ఎవరు మాత్రం ప్రశ్న వేయగలరు?

1912లో గోపాలకృష్ణ గోఖలే ఈ పద్ధతిని ఎత్తివేయాలని కేంద్ర శాసనసభలో తీర్మానం పెట్టినప్పుడు ఎత్తి చూపిన దోషాల్లో ఇదొకటి. కూలీని కట్టిపడేసే శిక్షల చట్టం ఏమిటో ఒప్పందానికి ముందు అతనికి వివరించడం లేదన్నారు. తీర్మానం ఓడిపోయింది. 1914లో తోతారాం సనాఢ్య అనే ఆయన ఫిజీలో తాను గడిపిన 21 ఏళ్ల గురించి హిందీలో పుస్తకం వెలువరించారు. ఆయన స్వయంగా మోసపోయి వెళ్లిన గిర్మిటియా, వెనక్కి వచ్చినవాడు. 1915లో దీనబంధు ఆండ్రూస్, పియర్సన్ ఫిజీ వెళ్లి చూసి మరుసటి ఏడాది నివేదిక ఇచ్చారు. 1917లో కొత్త కూలీలను పంపడం ఆగింది. 1920 జనవరి 1న మిగిలిన ఒప్పందాలు రద్దయ్యాయి. ఇన్ని దశాబ్దాలు డిపో గోడల మధ్య దొరకని సమాచారం, వెళ్లి వచ్చిన ఒక మనిషి పుస్తకంలో దొరికింది.

ఇదంతా పాలకుడు పాలితుడికి చేసిన అన్యాయం మాత్రమే అనుకుంటే అదీ సగమే నిజం. అదే కాలంలో కెనడా తన పడమటి మైదానాలకు రైతులను పిలిచింది. క్లిఫర్డ్ సిఫ్టన్ 1896 నుంచి 1905 దాకా ఆ శాఖ మంత్రి. గోధుమ కంకులు, పంటల నమూనాలు పేర్చిన బండ్లు ఇంగ్లండు పల్లెల్లో తిరిగేవి. కరపత్రాలు లక్షల్లో పంచారు. ఈనాటి విదేశీ మేళాల్లో కనిపించే స్టాలుకు ముత్తాత ఆ బండి అనవచ్చు. యూరపులో మనుషులను సమీకరించిన ఏజెంట్లకు కుటుంబ పెద్దకు 5 డాలర్లు, మిగతా ఒక్కొక్కరికి 2 డాలర్ల చొప్పున ముట్టాయి. ఆ కరపత్రాల్లో 'చలి' అన్న మాట రాకుండా జాగ్రత్తపడేవారు. ఒంటికి ఉత్సాహమిచ్చే వాతావరణం అని రాసేవారు. సున్నాకు ముప్పై డిగ్రీలు కిందికి పోయే శీతాకాలం గురించి అలా రాశారు. రంగు ఏదైనా, పిలిచేవాడి కాగితం తీరు అదే.

రంగం మేస్త్రీ

మన ఉత్తరాంధ్రలో పెద్దవాళ్లకు ఫిజీ, నేటాల్ పేర్లు తెలియకపోవచ్చు. 'రంగం' తెలుసు. రంగూనే మన నోట రంగం. కళింగపట్నం, బారువ, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల్లో ఆవిరి ఓడ ఎక్కితే కొన్ని రోజుల్లో బర్మా. బియ్యం మిల్లుల్లో, ఓడల మీద సరుకు ఎత్తి దించే పనుల్లో, లాగుడు రిక్షాల దగ్గర తెలుగువాళ్లే ఎక్కువగా కనిపించేవారు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలోని 4 లక్షల మందిలో 2 లక్షల 12 వేలకు పైగా భారతీయులు. అంటే సగానికి మించి.

రంగానికి అయిదేళ్ల గిర్మిట్ లేదు, డిపో లేదు, ఆర్కాటీ లేడు. దారి చెప్పింది మేస్త్రీ. మేస్త్రీ పరాయివాడు కాదు, మన ఊరివాడే. తరచు మన కులంవాడు, వరసకు మామో బావో. తాను వెళ్లి వచ్చినవాడు. జేబులో గడియారం, చేతిలో గొడుగు, ఒంటి మీద సిల్కు చొక్కా చూసి ఊరంతా నమ్మేది. ఇంట్లో ఖర్చులకు బయానా ఇచ్చేవాడు, ఓడ ఛార్జీ పెట్టేవాడు. అక్కడ దిగాక పని చూపించి, ఉండటానికి గది చూపించేవాడు. తెలియని ఊళ్లో అది చిన్న సాయం కాదు.

కానీ ఆ గొలుసు పైకి చాలా దూరం ఉండేది. అన్నిటికన్నా పైన కాంట్రాక్టరు, అతని కింద హెడ్ మేస్త్రీ, అతని కింద ఛార్జి మేస్త్రీ, అతని కింద గ్యాంగు మేస్త్రీ, అందరికన్నా కింద కూలీ. మిల్లు ఇచ్చిన డబ్బు ఒక్కొక్క చేయి దాటినప్పుడల్లా కొంత తగ్గేది. బయానా, ఓడ ఛార్జీ, తిండి ఖర్చు అన్నీ మేస్త్రీ లెక్కల్లోనే తెగాలి. చదువు రాని మనిషి ఆ లెక్క తీరిందో లేదో ఎలా చెప్పగలడు? 1929లో ఏర్పడిన రాయల్ లేబర్ కమిషన్ బర్మాకు వెళ్లి ఈ మేస్త్రీ పద్ధతిని కూడా పరిశీలించింది.

వెళ్లి వచ్చినవాడి మాట విలువైనదని ఇందాక తోతారాం కథలో అనుకున్నాం. మేస్త్రీ కూడా వెళ్లి వచ్చినవాడే కదా! తేడా ఎక్కడుంది? తోతారాంకు మరొకడు ఫిజీ వెళ్తే వచ్చేదేమీ లేదు. మేస్త్రీకి మరొకడు ఓడ ఎక్కితేనే పూట గడిచేది. కాబట్టి మనవాడా పరాయివాడా అన్నది అసలు పరీక్ష కాదు. అనుభవం ఉందా లేదా అన్నది కూడా చాలదు. నువ్వు వెళ్తే అతనికి ఏం ముడుతుంది అన్నదే పరీక్ష.

రంగం వెళ్లినవాళ్లంతా నష్టపోయారని రాస్తే అది చరిత్ర కాదు. రంగం డబ్బుతో మన ఊళ్లలో అప్పులు తీరాయి, పెళ్లిళ్లయ్యాయి, పెంకుటిళ్లు లేచాయి. ఊళ్లో తలవంచుకు బతకాల్సిన కులాలవాళ్లకు అక్కడ కొంత ఊపిరాడింది. అయితే మేస్త్రీ చెప్పనిది, బహుశా అతనికీ పూర్తిగా తెలియనిది ఒకటుంది. ఆ దేశపు మనుషుల మనసులో ఏం కదులుతోందన్నది. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు బర్మా వాళ్లను పనిలోకి తెచ్చాయి. సమ్మె తీరి తెలుగువాళ్లు తిరిగి రాగానే బర్మా వాళ్లను పొమ్మన్నారు. మే 26న గొడవ మొదలై నగరమంతా పాకింది. వందమందికి పైగా చనిపోయారు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లు. 1937లో బర్మా భారతదేశం నుంచి విడిపోయింది. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఓడలు దొరకనివాళ్లు 1942లో అరకాన్ దారిన, మణిపూర్ కొండల దారిన నడిచారు. మొత్తం నాలుగైదు లక్షల మంది తిరిగి వచ్చారని అంచనా. దారిలోనే రాలిపోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. యుద్ధం తర్వాత మిగిలినవాళ్లలోనూ చాలామంది 1960ల్లో అక్కడి సైనిక ప్రభుత్వం దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశాక కట్టుబట్టలతో వచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేటకు ఆ పేరు అలా వచ్చిందే. మేళాకు వెళ్లే దారిలో ఆ బోర్డు కనిపిస్తే ఒక్క నిమిషం ఆగి చూడండి.

పదో తరగతి సర్టిఫికెట్ విలువ

1973లో చమురు ధరలు పెరిగాక గల్ఫ్ దేశాల్లో కట్టడాలు మొదలయ్యాయి. కరీంనగర్, నిజామాబాద్ నుంచి కూలీలు, మేస్త్రీలు, డ్రైవర్లు వెళ్లారు. 'బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి' అని తెలంగాణలో వలస దారులన్నిటినీ ఒక్క మాటలో చెప్పారు. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు ఇంటిపనికి ఆడవాళ్లు వెళ్లారు. ఇక్కడ చూపిన ఒప్పందం ఒకటి, అక్కడ సంతకం పెట్టించింది మరొకటి అన్న కథ ఎన్ని ఇళ్లలో విన్నామో లెక్కలేదు. కాగితం మీద ఒక కఫీలు, పని మాత్రం మనమే వెతుక్కోవాలి అనే 'ఆజాద్ వీసా' ఇంకొక కథ.

1983లో వలసల చట్టం వచ్చింది. విదేశీ ఉద్యోగానికి మనుషులను చేర్చే ఏజెంటు ప్రభుత్వం దగ్గర రిజిస్టరు కావాలి. అతను తీసుకోగల రుసుముకు పరిమితి ఉంది. నిబంధనల ప్రకారం 30,000 రూపాయలు, దాని మీద పన్ను. ఊరూరా తిరిగే సబ్ ఏజెంటుకు చట్టంలో చోటే లేదు. అంటే గ్యాంగు మేస్త్రీని చట్టం గుర్తించదు. గుర్తించకపోయినా అతను మాయం కాలేదు, అది వేరే సంగతి. రిజిస్టరైన ఏజెంట్ల జాబితా ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ఉద్యోగ మేళాలో ఎవరు కనిపించినా ముందు చేయాల్సిన పని అదే.

ఈ చట్టంతో మన బడికి ఒక సంబంధం ఉంది. చదువు తక్కువ ఉన్నవాళ్ల పాస్‌పోర్టు మీద 'ఈసీఆర్' ముద్ర పడుతుంది. వాళ్లు గల్ఫ్‌తో సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే అధికారి వాళ్ల ఒప్పందం చూసి అనుమతి ఇవ్వాలి. పదో తరగతి పాసైతే ఆ ముద్ర పడదు. మన బడి చేతికిచ్చిన సర్టిఫికెట్‌కు అంత విలువ ఉంది. అయితే దానికి రెండో వైపు కూడా ఉంది. ఆ సర్టిఫికెట్ ఉన్నవాడి ఒప్పందాన్ని సర్కారు ఆపి చూడదు. చదువుకున్నావు గనుక నువ్వే చదువుకో అంటుంది. మనం పదేళ్లు నేర్పిన చదువు అక్కడ నిజంగా పరీక్షకు నిలబడుతుంది.

ఇక పై చదువుకు వెళ్లేవాళ్లకు ఈ చట్టం అసలు వర్తించదు. అది ఉద్యోగానికి వెళ్లేవాళ్ల చట్టం. కాబట్టి విద్యా మేళాలో కూర్చున్న కన్సల్టెన్సీ మనిషి ఈ చట్టం కింద రిజిస్టరు కానక్కర్లేదు.

ఫీజులో వాటా

కంప్యూటర్లు వచ్చాయి, తెలుగువాళ్లు అమెరికా బాట పట్టారు. హైదరాబాద్‌లో 2008లో అమెరికా కాన్సులేట్ తెరిచారు. అప్పటికే అమీర్‌పేట నుంచి జిల్లా కేంద్రాల దాకా కన్సల్టెన్సీల బోర్డులు వెలిశాయి. ఆ వెనకే మేళాలు వచ్చాయి.

బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడాల్లోని చాలా విశ్వవిద్యాలయాలు విద్యార్థిని చేర్పించిన ఏజెంటుకు మొదటి ఏడాది ఫీజులో కొంత శాతం ఇస్తాయి. అమెరికాలో ఒక విచిత్రం ఉంది. ప్రభుత్వ ఆర్థిక సాయం పొందే కాలేజీలు తమ దేశపు విద్యార్థులను చేర్పించినందుకు తలకింత అని కమీషను ఇవ్వకూడదని అక్కడి చట్టం. బయటి దేశాల్లో ఉన్న, ఆ సాయానికి అర్హత లేని విద్యార్థుల విషయంలో మాత్రం ఆ నిషేధం లేదు. తమ పిల్లలకు చెడ్డదనుకున్న పద్ధతిని మన పిల్లలకు వదిలేశారు. కమీషను తీసుకునే ప్రతివాడూ మోసగాడని నేననను. కానీ కమీషను ఇవ్వని కాలేజీ పేరు అతని నోట ఎందుకు రాదో ఇప్పుడు అర్థమవుతుంది.

రెండు సంఘటనలు మనవాళ్లు మరిచిపోకూడనివి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద అమెరికా అధికారులు దాడి చేసి మూసేశారు. అక్కడి విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులు, అందులోనూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలు ఎక్కువ. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టిన ఫొటోలు మన పత్రికల్లో వచ్చాయి. కొత్త విద్యార్థిని తెచ్చిన విద్యార్థికి ఫీజులో వాటా ఇచ్చారన్నది ఆ కేసులో బయటపడిన సంగతుల్లో ఒకటి.

2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ సంగతి వెల్లడైంది. అక్కడ తరగతులు లేవు, అధ్యాపకులు లేరు. అమెరికా అంతర్గత భద్రతా విభాగమే పన్నిన వల అది. మొదట అరెస్టయిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు. విద్యార్థులను చేర్పించి డబ్బు తీసుకున్నందుకు ఎనిమిది మంది మీద కేసులు పెట్టారు. వాళ్లంతా అక్కడికి వెళ్లిన మనవాళ్లే, ఎక్కువగా తెలుగువాళ్లు. రంగం గ్యాంగు మేస్త్రీ తొంభై ఏళ్ల తర్వాత మళ్లీ కనిపించాడు. ఈసారి గొడుగు లేదు, ల్యాప్‌టాప్ ఉంది.

ఇందులో ఒక చిక్కు ఉంది. ఆ యూనివర్సిటీ పేరు ప్రభుత్వపు గుర్తింపు జాబితాలో కూడా పెట్టారు. జాబితా చూసి నమ్మినవాణ్ని పూర్తిగా తప్పుపట్టలేం. మరి ఏది కాపాడేది? "తరగతి ఏ గదిలో, ఏ రోజు, ఎవరు చెప్తారు?" అన్న చిన్న ప్రశ్న. మన బడిలో ఆరో తరగతి పిల్లాడు కూడా జూన్ మొదటివారంలో అడిగే ప్రశ్న అది.

మరి మేళాకు వెళ్లాలా?

వెళ్లండి. గిర్మిట్ కూలీకి లేని అవకాశం ఒకటి మేళాలో ఉంది. అతనికి ఒకే డిపో, ఒకే కాగితం. మేస్త్రీ వెంట పోయినవాడికి ఒకే మనిషి మాట. మేళాలో ఒకే కప్పు కింద ముప్పై బల్లలుంటాయి. ఒకే ప్రశ్నను ముప్పై చోట్ల అడగవచ్చు. జవాబులు పోల్చుకోవచ్చు. ఒకే కన్సల్టెన్సీ గదిలో ఏసీలో కూర్చుని వినడం కన్నా అది నయం. విశ్వవిద్యాలయం నుంచి స్వయంగా వచ్చిన ఉద్యోగి దొరికితే ఇంకా నయం. బల్ల వెనక ఉన్నది యూనివర్సిటీ మనిషా, దాని పేరు పెట్టుకున్న ఏజెంటా అన్నది మొట్టమొదట అడిగి తెలుసుకోండి.

ఏం చదవాలో తెలియకుండా వెళ్తే మాత్రం సంచి నిండా బ్రోచర్లు, తల నిండా గందరగోళం మిగులుతాయి. సబ్జెక్టు, దేశం, పెట్టగల ఖర్చు అనే మూడూ ఇంట్లో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లినవాడికే మేళా ఉపయోగం.

అడగవలసినవి అన్నీ పై చరిత్రలోంచి వచ్చేవే. నేను చేరితే మీకు ఎవరు, ఎంత ఇస్తారు? నిజాయితీపరుడైతే చెప్తాడు, ముఖం మాడ్చుకుంటే అదే జవాబు. ఫిజీ పత్రంలో బియ్యం ధర లేనట్టే బ్రోచరులో ఇంటి అద్దె, ఇన్సూరెన్సు, బ్యాంకు వడ్డీ ఉండవు. అవన్నీ కలిపి రూపాయల్లో మొత్తం ఎంత? ఉద్యోగం దొరకకపోతే ఏ వీసా మీద ఎన్నాళ్లు ఉండవచ్చు, ఆ తర్వాత ఏం చేయాలి? అక్కడి చట్టంలో విద్యార్థి చేయకూడని పనులేమిటి, చేస్తే శిక్ష ఏమిటి? పోయిన ఏడాది ఇదే కోర్సుకు మన రాష్ట్రాల నుంచి వెళ్లినవాళ్లలో ఇద్దరితో మాట్లాడించగలరా? ఆ ఇద్దరిలో ఒకరు మీ జీతగాడు కాకూడదు.

మేళాలో చేయకూడనివి రెండే. డబ్బు కట్టడం, అసలు సర్టిఫికెట్లు అప్పగించడం. 'ఈ రోజే చేరితే అప్లికేషను ఫీజు మాఫీ' అంటే, మేస్త్రీ ఇచ్చిన బయానా గుర్తు తెచ్చుకోండి. ఇంటికొచ్చాక ఆ ఏజెంటు పేరు యూనివర్సిటీ సొంత వెబ్‌సైటులో ఉందో లేదో చూడండి. ఆస్ట్రేలియా చట్టం ప్రకారం విద్యాసంస్థలు తమ ఏజెంట్ల జాబితా ప్రకటించి తీరాలి. అమెరికా వాళ్ల ఎడ్యుకేషన్‌యూఎస్‌ఏ, బ్రిటిష్ కౌన్సిల్, జర్మనీ వాళ్ల డాడ్, ఫ్రాన్స్ వాళ్ల క్యాంపస్ ఫ్రాన్స్ ఏ ఒక్క కాలేజీ తరఫునా కూర్చున్నవి కావు. తమ దేశాన్ని మెచ్చుకోవడం వాళ్ల పనిలో భాగమే అయినా, తలకింత లెక్క వాళ్లకు లేదు. మేళా తర్వాత వాటిని కూడా సంప్రదించండి.

మన సంఘం చేయగలిగింది

ఏ మేళాలోనూ కనిపించని ఒక బల్ల ఉంది. వెళ్లి, నష్టపోయి, తిరిగి వచ్చినవాళ్ల బల్ల. దాన్ని ఎవరూ అద్దెకు తీసుకోరు. అలాంటివాళ్లు మన పూర్వ విద్యార్థుల్లో ఉన్నారు. గల్ఫ్‌లో రెండేళ్లు జీతం రాక తిరిగొచ్చినవాళ్లు, అప్పు చేసి చదివి ఉద్యోగం దొరక్క వచ్చినవాళ్లు. సమావేశాలకు వాళ్లు రారు, వచ్చినా వెనక బెంచీలో కూర్చుంటారు. వేదిక మీద కూర్చునేది బాగుపడి వచ్చినవాళ్లే. అందుకు వాళ్లను తప్పుపట్టడం లేదు. కానీ పిల్లలు ఒకవైపు మాటే వింటున్నారు.

సంఘానికి నా విన్నపం ఒక్కటి. ఏటా సంక్రాంతి కలయికలో ఒక మధ్యాహ్నం మన బడి గదుల్లో ఒకదాన్ని ఇందుకు కేటాయించండి. పదో తరగతి, ఇంటర్ పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు వస్తారు. అమెరికాలో స్థిరపడినవాళ్లతో పాటు చేతులు కాల్చుకున్నవాళ్లనూ పిలిచి కూర్చోబెట్టండి. వాళ్లను వేదిక మీదికి పిలవక్కర్లేదు, పక్కన బెంచీ మీద కూర్చుంటే చాలు. ఒకే నియమం పెట్టండి. ఎవరినైనా విదేశానికి పంపి డబ్బు తీసుకునేవాడు, అతను మనలో ఎంత పెద్దవాడైనా, ఆ సంగతి ముందు చెప్పి గానీ మాట్లాడకూడదు.

ఫోన్ చేసిన ఆ తండ్రి మేళాకు వెళ్లాడు. అబ్బాయి మూడు సంచుల బ్రోచర్లు తెచ్చాడట. ఏం తేల్చుకున్నారో నేనింకా అడగలేదు. ఈ సంచిక అతని చేతికి వెళ్తుంది. సంక్రాంతికి ఆ బ్రోచర్లు పట్టుకుని ఇద్దరూ రండి. అందరం కూర్చుని, వాటిలో ఏం లేదో చూద్దాం.